రోడ్డుకి అటు అక్కావాళ్ళు, ఇటు మేము: పెరట్లో స్విమ్మింగ్ పూల్ కోసం ఆరు నెలలు

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ప్రాస్పర్ అంటూ ఊళ్ళన్నీ ఒకదాన్నొకటి అంటుకుని ఉండే ఏరియా. ఎక్కడ ఒక ఊరు అయిపోయి ఇంకోటి మొదలైందో నీళ్ళ ట్యాంకు మీద పేరు చూస్తే గానీ తెలియదు. మా ఇంటి నుంచి అక్కావాళ్ళింటికి కారులో నాలుగు నిమిషాలు. మధ్యలో ఒక పెద్ద రోడ్డు. రోడ్డుకి అటు వాళ్ళ ఊరు, ఇటు మా ఊరు. రెండు ఊళ్ళ పేర్లూ కావాలనే రాయడం లేదు. ఎవరినో తప్పుపట్టడానికి కాదు ఇది రాస్తున్నది. పూల్ కట్టుకుందామనుకునేవాళ్ళకి అసలు ఏం జరుగుతుందో తెలియాలని.

అక్కావాళ్ళు 2023లో పూల్ కట్టించారు. మార్చి 6న అప్లికేషన్ వేస్తే 14న పర్మిట్ చేతికొచ్చింది. ఫీజు 275 డాలర్లు. స్కూళ్ళకి సెలవులిచ్చేసరికి పిల్లలు నీళ్ళలో ఉన్నారు. అది చూశాకే మాకూ ఆశ పుట్టింది. 2025 జనవరి 18, శనివారం నాడు అదే కాంట్రాక్టర్‌తో 98,500 డాలర్లకి మేము కూడా సంతకం పెట్టాం. "పర్మిట్ రెండు వారాలు, మొత్తం మూడున్నర నెలలు" అన్నాడు వాళ్ళ మనిషి. మే మొదటి వారానికల్లా అయిపోతుందని లెక్క వేసుకున్నాను.

నా తొందరకి ఒక కారణం ఉంది. ఫిబ్రవరిలో అమ్మానాన్న వస్తున్నారు, ఆగస్టు 9కి తిరుగు టికెట్. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నాకూ అక్కకీ ఈత నేర్పింది నాన్నే, సాగర్ కాలువలో, నడుముకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టి. నాన్నకిప్పుడు 71. మోకాళ్ళ నొప్పులతో నడవడం కష్టంగా ఉంటుంది గానీ నీళ్ళలో దిగితే ఆ మనిషే వేరు. మా బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి మూడు. వాళ్ళకి కూడా నాన్న చేతే ఈత నేర్పించాలని నా కోరిక. అందుకే ఒక్కో వారం జరుగుతుంటే నాకంత టెన్షన్.

ముందు హెచ్‌ఓఏ, అంటే మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం. జనవరి 22న సర్వే కాగితం, డ్రాయింగ్, 150 డాలర్ల ఫీజు, వెయ్యి డాలర్ల డిపాజిట్ పెట్టాం. పక్కింటి గడ్డి, ఫుట్‌పాత్ పాడవకపోతే డిపాజిట్ వెనక్కిస్తారు. ఫిబ్రవరి 20న ఓకే అన్నారు. సరిగ్గా 29 రోజులు. అక్కావాళ్ళ హెచ్‌ఓఏ వారంలో ఇచ్చింది. మాకు తెలియని సంగతేమిటంటే, హెచ్‌ఓఏ జవాబు కోసం ఆగకుండానే సిటీకి కూడా అప్లికేషన్ వేసుకోవచ్చు. కాంట్రాక్టర్ చెప్పలేదు, మేము అడగలేదు. నెల పోయింది.

ఫిబ్రవరి 24న సిటీకి పంపారు. అక్కావాళ్ళ ఊళ్ళో పూల్, కరెంటు, గ్యాస్ అన్నీ ఒకే పర్మిట్ కింద అయిపోయాయి. మా ఊళ్ళో వేరువేరు, కంచె మార్చాలంటే దానికి మళ్ళీ ఇంకోటి. అన్నీ కలిపి 585 డాలర్లయింది. డబ్బు సంగతి పక్కన పెడితే, ఏ ఒక్క దాంట్లో ప్రశ్న వచ్చినా మిగతావి కూడా ఆగిపోతాయి. అదీ అసలు ఇబ్బంది.

మార్చి 11న మొదటిసారి తిప్పి పంపారు. రెండు పేజీల కామెంట్లు. మా స్థలంలో వెనక ప్రహరీ పొడవునా పది అడుగులు యుటిలిటీ ఈజ్‌మెంట్ ఉంది. అంటే స్థలం మనదే, కానీ కరెంటువాళ్ళూ కేబుల్ వాళ్ళూ ఎప్పుడు కావాలంటే అప్పుడు తవ్వుకునే హక్కు ఉంటుంది. అందులో ఏమీ కట్టకూడదు. మా డ్రాయింగులో పంపు, ఫిల్టరు పెట్టే సిమెంటు దిమ్మ సరిగ్గా అందులోనే ఉంది. ఇంకోటి, ఇంటి పునాదికి ఐదు అడుగుల లోపల తవ్వుతున్నారు కాబట్టి ఇంజనీరు చేత లెటర్ తెమ్మన్నారు. అక్కావాళ్ళ స్థలంలో ఈజ్‌మెంట్ ఐదడుగులే, పునాది గురించి వాళ్ళని ఎవరూ అడగలేదు. కాంట్రాక్టర్ ఆ ఊరి కొలతలే మా డ్రాయింగులో దించేశాడని నాకు అప్పుడర్థమైంది.

ఆ రాత్రి నేనూ మావారూ డైనింగ్ టేబుల్ మీద సర్వే పరుచుకుని, స్కేలు పెట్టి కొలిచి, 32 అడుగుల పూల్‌ని 29కి తగ్గించాం. కాగితం మీద అది మూడు అడుగులే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇంజనీరు లెటర్‌కి 650 డాలర్లు, తొమ్మిది రోజులు. మార్చి 20న మళ్ళీ పంపాం. మధ్యలో మార్చి 30న ఉగాది వచ్చింది. పచ్చడి తింటూ నాన్న "ఈసారి చేదు ముందే తగిలిందమ్మా, ఇక మంచే జరుగుతుంది" అన్నారు. ఏప్రిల్ 2న రెండోసారి తిప్పి పంపారు.

ఈసారి గొడవంతా కంచె గురించి. ఇక్కడ నాకు చాలా ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే రెండు ఊళ్ళ మధ్య తేడాకి మూలం అదే. సొంత ఇంటి పూల్‌కి కంచె నియమాలు టెక్సాస్ మొత్తంలో ఒకేలా ఉండవు. ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ అనే సంస్థ ప్రచురించే స్విమ్మింగ్ పూల్ అండ్ స్పా కోడే ఆధారమైనా, ఏ ఎడిషన్ అన్నది ఊరికో తీరు. ఒక ఊరు 2018 ఎడిషన్, ఇంకో ఊరు 2021. పైగా ఎవరి సవరణలు వాళ్ళవి. అందుకని "మా ఫ్రెండ్‌కి అడగలేదే" అన్న మాటకి సిటీ ఆఫీసు కౌంటర్ దగ్గర విలువే లేదు. నేను అనే వచ్చాను. కౌంటర్‌లో ఆవిడ మర్యాదగానే "ఆ ఇల్లు మా పరిధిలోది కాదమ్మా" అన్న అర్థం వచ్చేట్టు చెప్పింది.

మమ్మల్ని అడిగినవి ఇవి. ఇంటి గోడ కూడా కంచెలో భాగం కిందే లెక్క కాబట్టి, పెరట్లోకి తెరుచుకునే ప్రతి తలుపుకీ అలారం ఉండాలి. గది నేల నుంచి 48 అంగుళాల ఎత్తు లోపల కింది అంచు ఉన్న, తెరుచుకునే కిటికీలకి కూడా. మాకు రెండు తలుపులు, మూడు కిటికీలు, మొత్తం ఐదు అలారాలు. అవి కూడా ఏవి పడితే అవి కుదరవు, యూఎల్ 2017 (ఏడాది కాదు, భద్రతా ప్రమాణం నంబరు) అని రాసి ఉన్నవే కొనాలి. అలారాన్ని కాసేపు ఆపే బటన్ 54 అంగుళాల పైన, పిల్లలకి అందనంత ఎత్తులో ఉండాలి. ఒక్కోటి 52 డాలర్లు.

రెండోది నేను కలలో కూడా అనుకోనిది. ఇంటి పక్క సందులో, కంచెకి బయటివైపు మా ఏసీ యూనిట్ ఉంది. దానికీ కంచెకీ మధ్య 14 అంగుళాలే ఖాళీ. కంచె బయట 36 అంగుళాల లోపల ఎక్కడానికి వీలైనదేదీ ఉండకూడదట. పక్కింటి పిల్లాడు ఏసీ మీదకెక్కి కంచె దూకితే? నిజమే, అంతవరకూ మాకెవరికీ తట్టలేదు. ఏసీ జరపడానికి అడిగితే 1,800 డాలర్లన్నారు. ఆ సందులో అడ్డంగా ఉన్న కంచె ముక్కనే వెనక్కి జరిపితే 480తో అయిపోయింది. ఈ ఉపాయం చెప్పింది కౌంటర్‌లో ఆవిడే. ఫోన్లో అడిగితే చెప్పేవాళ్ళు కాదేమో. నేను ప్రింటవుట్ పట్టుకుని వెళ్ళి నిలబడితే పది నిమిషాలు కూర్చుని వివరంగా చెప్పింది. వీలైతే మీరు కూడా నేరుగా వెళ్ళండి.

ఏప్రిల్ 15న పర్మిట్ వచ్చింది. సిటీకి పంపిన రోజు నుంచి 50 రోజులు. అక్కావాళ్ళకి ఎనిమిది.

తవ్వకానికి ముందు, భూమిలో ఉన్న లైన్లకి గుర్తులు పెట్టించే 811 నంబరుకి చెప్పాలి, కనీసం 48 గంటలు ముందుగా. వాళ్ళొచ్చి గడ్డి మీద రంగుల గీతలు గీసి జెండాలు గుచ్చి వెళ్ళారు. కరెంటుకి ఎరుపు, గ్యాస్‌కి పసుపు, నీళ్ళకి నీలం, ఫోన్ కేబుల్‌కి నారింజ. పాప రోజూ పొద్దున్నే వెళ్ళి జెండాలు లెక్కపెట్టేది.

ఏప్రిల్ 28న తవ్వే మెషీన్ వచ్చింది. అది లోపలికి పట్టడానికి ఒకవైపు కంచె తీసేశారు. రెండడుగులు దిగగానే నల్లటి మట్టి పడింది. నాన్న చేతిలోకి తీసుకుని ముద్ద చేసి చూశారు. "అరె, ఇది మన నల్లరేగడే" అన్నారు. ఆయన ముఖంలో అంత సంబరం అమెరికా వచ్చాక అదే చూడటం. పత్తి చేలల్లో ఎండాకాలం బీటలు వారి, వాన పడితే ఉబ్బే మట్టి గురించి ఆయనకెవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఇళ్ళ పునాదులు పగిలేది కూడా దాని వల్లే. పునాది పక్కన తవ్వుతుంటే ఇంజనీరు లెటర్ ఎందుకు అడిగారో నాన్న నాకు రెండు ముక్కల్లో చెప్పారు.

మర్నాటి నుంచి వానలు. మే 1కల్లా గుంటలో నడుము లోతు నీళ్ళు, బురద. పని ఆగిపోయింది. తీసేసిన కంచె చోట తాత్కాలికంగా నారింజ రంగు ప్లాస్టిక్ వల కట్టి వెళ్ళారు.

మే 2, శుక్రవారం పొద్దున ఎనిమిదింపావు. నేను పైన మీటింగులో ఉన్నాను. అమ్మ వంటింట్లో దోసె పోస్తోంది. వెనక తలుపు గడియ పాపకి అందదనే మా అందరి నమ్మకం. స్టూలు జరుపుకుని తీసింది. అమ్మకి పెనం చప్పుడులో వినపడలేదు. కాలికి చల్లగాలి తగిలి వెనక్కి తిరిగితే తలుపు బార్లా తీసి ఉందట. పరుగెత్తేసరికి పాప గుంట అంచున, బురదలో చెప్పులతో నిలబడి, మట్టిగడ్డలు నీళ్ళలోకి విసురుతోంది. అంచు మెత్తగా జారుతోంది. అమ్మ అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి పడిపోతుందేమోనని, మెల్లగా వెళ్ళి జబ్బ పట్టుకుని లాగేసింది. నేను కిందికి వచ్చేసరికి ఇద్దరూ వరండాలో కూలబడి ఉన్నారు. పెనం మీద దోసె మాడిన వాసన. అమ్మ చేతులు వణుకుతున్నాయి. ఇది రాస్తుంటే నాకిప్పుడు కూడా వణుకుతున్నాయి.

అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ వయసు పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్ళలో మునగడమే. ఆ లెక్క నాకు ముందే తెలుసు, సిటీ ఇచ్చిన కరపత్రంలో చదివాను. చదివిన రోజే ఐదు అలారాలకి 260 డాలర్లు దండగ అని మావారితో అన్నదాన్ని కూడా నేనే.

ఆ సాయంత్రమే బావగారు వచ్చి రెండు తలుపులకీ పైన గొళ్ళేలు బిగించారు. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి, కంచె తీసిన చోట వల కాదు, ప్లైవుడ్ కొట్టాల్సిందేనని పట్టుబట్టాను. మర్నాడు కొట్టారు. అలారాలు కూడా చివరిదాకా ఆగకుండా అదే వారం పెట్టించుకున్నాం. మీరు పూల్ మొదలుపెడితే ఇవన్నీ తవ్వకానికి ముందు రోజే చేయించండి. పూల్ పూర్తయ్యాక వచ్చే ప్రమాదం కన్నా, సగంలో ఉన్న గుంట ప్రమాదం తక్కువేమీ కాదు. ఏ ఊరి చెక్‌లిస్టులో ఏముందన్నది అప్పుడు చూసుకోవద్దు.

నీళ్ళు తోడి బురద ఎత్తడానికి అదనంగా 900 తీసుకున్నారు. మే 9కి ఇనుప చువ్వలు కట్టడం అయింది. 13న ఇన్‌స్పెక్షన్: చువ్వలు, పైపుల్లో ప్రెషర్ నిలబడుతోందా, చువ్వలకి రాగి తీగ కలిపారా. ముందు రోజు నాలుగింటి లోపల బుక్ చేసుకోవాలి, ఇన్‌స్పెక్టర్ ఎనిమిది నుంచి ఐదు మధ్య ఎప్పుడైనా రావచ్చు. మావారు సెలవు పెట్టి కూర్చుంటే సాయంత్రం నాలుగున్నరకి వచ్చి పన్నెండు నిమిషాల్లో పాస్ చేసి వెళ్ళాడు.

మే 16న గన్నైట్, అంటే పూల్ గోడలకి గొట్టంతో చిమ్మే కాంక్రీటు, కొట్టారు. ఆ తర్వాత రోజుకి మూడుసార్లు తడపాలన్నారు, కనీసం వారం. ఆ పని నాన్న ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున్నే లుంగీ పైకి మడిచి, కుర్చీ వేసుకుని, గొట్టం పట్టుకుని గోడలన్నీ తడిపేవారు. "శ్లాబుకి మడులు కట్టి నీళ్ళు నిలపమూ? ఇదీ అంతే" అనేవారు. వారం అన్నది పాతిక రోజులు తడిపారు.

జూన్ 12న చుట్టూ కాంక్రీటు. దానికి ముందు ఇంకో ఇన్‌స్పెక్షన్ ఉంది, అక్కావాళ్ళకి విడిగా జరగనిది. పూల్ అంచు నుంచి 18, 24 అంగుళాల మధ్యలో, కాంక్రీటు కింద, ఎనిమిదో నంబరు రాగి తీగ చుట్టూ తిప్పి, అన్ని ఇనుప భాగాలకీ కలపాలి. ఎక్కడైనా కరెంటు లీకైనా నీళ్ళలో ఉన్నవాళ్ళకి షాక్ కొట్టకుండా. కాంక్రీటు పోశాక అది మళ్ళీ కనపడదు కాబట్టి మూత వేసేలోపే ఫోటోలు తీసుకున్నాం.

జూన్ 24న కంచె ఇన్‌స్పెక్షన్. మా ఊళ్ళో ఇది పాసైతేనే ప్లాస్టర్ వేయనిస్తారు, ప్లాస్టర్ అయితే గానీ నీళ్ళు నింపడానికి లేదు. అక్కావాళ్ళకి ఇది ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌తో కలిపి చేశారు. ఇన్‌స్పెక్టర్ గారు పెద్దాయన, ఎక్కువ మాట్లాడలేదు. గేటు బార్లా తెరిచి వదిలారు, దానంతటదే మూసుకుని గడియ పడింది. సగం తెరిచి వదిలారు, పడింది. మూడు అంగుళాలు మాత్రం తెరిచి వదిలారు. మెల్లగా వచ్చి గడియ దగ్గర ఆగిపోయింది, టక్‌మన్న చప్పుడు రాలేదు. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. వానలకి రేగడి ఉబ్బి, జూన్ ఎండకి ఎండి, గేటు స్తంభం అర అంగుళం ఒరిగింది. తర్వాత వంగి కంచె అడుగున టేపు పెట్టారు. ఒక మూల మట్టి కోసుకుపోయి మూడు అంగుళాల సందు. రెండు దాటకూడదు. ఫెయిల్.

ప్లాస్టర్ వాళ్ళు 26కి రావాలి. వాళ్ళని ఆపేశాం. నాన్న తిరుగు ప్రయాణానికి ఇంకా 46 రోజులు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, కానీ ఇన్‌స్పెక్టర్ మీద కోపం రాలేదు. మే 2 లేకపోయి ఉంటే వచ్చేదేమో. స్తంభం తీసి మళ్ళీ కాంక్రీటులో నిలబెట్టడానికి 240, సందు కింద రాళ్ళు పేర్చి మట్టి కట్టడం నాన్న, బాబు కలిసి చేశారు. రీ-ఇన్‌స్పెక్షన్ ఫీజు 75. జూన్ 27న వచ్చి మూడు అంగుళాల నుంచి గేటు వదిలారు. టక్.

జులై 1న ప్లాస్టర్ వేసి వెంటనే నీళ్ళు పెట్టారు. నింపడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే ప్లాస్టర్ మీద గీత పడిపోతుంది. గొట్టం మూతికి గుడ్డ కట్టమన్నారు, లేకపోతే నీటి ధార తాజా ప్లాస్టర్‌ని కోస్తుంది. అమ్మ పాత నేత చీర చింపి కట్టింది. దాదాపు 15,000 గ్యాలన్లు, 27 గంటలు. రాత్రంతా వంతులవారీగా చూసుకున్నాం. ఆ నెల నీళ్ళ బిల్లు మామూలు కంటే 130 ఎక్కువొచ్చింది. ఇన్సూరెన్స్‌వాళ్ళు కంచె, గేటు ఫోటోలు అడిగి, ఏడాదికి 190 పెంచారు. ఇంటి పన్ను జనవరి 1 నాటి విలువని బట్టి వేస్తారు కాబట్టి, దాని సంగతి 2026 నోటీసులో గానీ తెలియదు.

ఫైనల్ జులై 22న పాసైంది. సంతకం నుంచి ఆరు నెలల నాలుగు రోజులు. అనుకున్న డబ్బుకన్నా, పర్మిట్లూ హెచ్‌ఓఏ ఫీజూ కలుపుకుంటే, 3,300 డాలర్లు పైగా ఎక్కువయింది. వెయ్యి డిపాజిట్ మాత్రం వెనక్కొచ్చింది.

ఆ సాయంత్రం నాన్న మెట్ల మీద కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, భుజాల దాకా నీళ్ళలోకి వెళ్ళి కాసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. తర్వాత బాబు పొట్ట కింద చెయ్యి పెట్టి "కాళ్ళు కొట్టరా, నేనున్నాగా" అన్నారు. నలభై ఏళ్ళ కిందట నాతో అన్న మాటే. పద్దెనిమిది రోజులు ఉన్నాయి మాకు, ఒక్క రోజూ వదల్లేదు. ఆగస్టు మొదటి వారానికి బాబు అడ్డంగా ఈదేశాడు. పాప మెట్టు మీద కూర్చుని తాతయ్య చెయ్యి వదలకుండా కాళ్ళు ఆడించేది.

అమ్మకి మాత్రం అలారాలతో ఇబ్బందే. తులసి కోటకి నీళ్ళు పోయడానికి తలుపు తీసినా మోగుతుంది, బటన్ నొక్కడం మర్చిపోతుంది. మోగిన ప్రతిసారీ బయటికి రాగానే ముందు పూల్ వైపు ఒకసారి చూసి, తర్వాతే చెంబు ఎత్తేది.

ఆగస్టు 10న, వాళ్ళని ఎయిర్‌పోర్టులో దింపిన మర్నాడు, అక్క ఫోన్ చేసింది. వాళ్ళ చిన్నదానికి నాలుగేళ్ళు. "ఆ అలారాలు ఎక్కడ కొన్నావే? మాకు మూడు తలుపులు, రెండు కిటికీలు. ఐదు తెప్పించు" అంది. తర్వాతి ఆదివారం బావగారూ మావారూ కలిసి బిగించారు. బటన్లు నేలకి 56 అంగుళాల ఎత్తులో పెట్టారు.